కంటితో వెలుగు కొలిచిన నాళ్లు

గుట్టమీది కొలువు

మా వేధశాలలో కొత్తగా చేరబోతున్న ఇద్దరు యువకులు ఈ మధ్య నన్ను వెదుక్కుంటూ శంషాబాదులోని మా ఇంటికి వచ్చారు. నియామకపత్రంలో ఉన్న విధులన్నీ వాళ్లు చదువుకొనే వచ్చారు. అందులో లేనివేమిటో చెప్పమని వాళ్ల కోరిక. కాఫీ చల్లారేలోగా నేను చెప్పగలిగింది స్వల్పం. తక్కినది ఇక్కడ రాస్తున్నాను. ఏ పదవి నాకు ఎప్పుడు లభించిందో, ఏ కాగితం ఎవరి బల్లమీద నిలిచిపోయిందో ఎవరికీ ఉపయోగపడే విషయాలు కావు గనుక వాటిని వదిలివేస్తున్నాను.

కొత్తూరుకు ఇవతల, బెంగుళూరు రహదారి నుండి చీలిన మట్టిబాట చివర, బండరాళ్ల గుట్టమీద ఒక తెల్లని గోపురం ఉంటుంది. అదే మా వేధశాల. ఒక ధర్మసంస్థ దానిని నడుపుతున్నది. గోపురంలో మధ్యరకం దూరదర్శిని ఒకటి, కింద రెండు గదులు, సందర్శకుల కోసం ఒక చావడి. అంతకుమించి ఆడంబరం లేదు. ఉత్తర దిక్కున విమానాశ్రయపు వెలుగు ఆరని సంధ్యలాగా ఎప్పుడూ నిలిచి ఉంటుంది. దక్షిణాకాశం మాత్రం ఇంకా మాదే. సూర్యుడు గుంకి, రాళ్లలోని వేడి మెల్లమెల్లగా గాలిలోకి జారిపోతున్న వేళ, మొదటి చుక్క కోసం మెట్లమీద కూర్చుని ఎదురుచూడడం కూడా మా ఉద్యోగంలో భాగమే. ఆ నిరీక్షణకు జీతం ఇచ్చే కొలువు మరొకటి ఈ లోకంలో ఉన్నదని నేను అనుకోను.

మా పని ఏమిటని ఎవరైనా అడిగితే, వెలుగును తూచడమని చెప్పేవాణ్ని. కంటికి కనిపించే తారలను ప్రాచీనులు ఆరు తరగతులుగా విభజించారు. మిక్కిలి ప్రకాశించేవి మొదటి తరగతి, ఆనీ ఆననివి ఆరవ తరగతి. నేటి శాస్త్రం ఆ మెట్లనే సూక్ష్మపరచి ప్రకాశ పరిమాణం అన్నది. అంకె పెరిగేకొద్దీ వెలుగు తరుగుతుంది. ఈ తలకిందుల లెక్క చెప్పడానికి నేను కొన్నేళ్లపాటు నానా ఉపమానాలూ వెదికాను. చివరికి శంషాబాదు నుండి పిల్లవాణ్ని వెంటబెట్టుకొని వచ్చిన ఒక తండ్రి, నేను సగం చెప్పగానే అందుకున్నాడు.

“గట్లయితే ఎంసెట్ ర్యాంకు లెక్కనే గద సార్! అంకె చిన్నగుంటే గొప్పోడు.”

“అంతే నాయనా,” అన్నాను.

“మరి మావోడు గిట్ల కంటికి కూడా ఆనని చుక్క సార్,” అని ఆయన కొడుకు వీపు తట్టాడు. చావడి అంతా నవ్వింది. నాటినుండి నేను ఆ ఉపమానమే వాడుకున్నాను.

రంగుల వరుస

ప్రకాశాన్ని మాత్రమే చూసి ఒక తార ఎటువంటిదో చెప్పలేము. దగ్గరి దివిటీ, దూరపు దావానలం కంటికి ఒక్కతీరుగానే కనిపించవచ్చు. తార స్వభావం తెలియాలంటే దాని కాంతిని పట్టకం గుండా సాగనంపాలి. అప్పుడు ఏర్పడే రంగులపట్టీలో అక్కడక్కడ సన్నని నల్లగీతలు ఉంటాయి. ఏ గీత బలంగా ఉన్నదో, ఏది లేదో చూసి ఆ తార ఎంత వేడిగా ఉన్నదో నిర్ణయిస్తాము. అత్యుష్ణమైన నీలితారలు మొదలు తెలుపు, పసుపు, నారింజ దాటి చల్లని ఎర్రతారల వరకు ఏడు ముఖ్యమైన వర్గాలు ఉన్నాయి. మన సూర్యుడు నడిమి పసుపు వర్గంవాడు. చిత్త నీలిది, ఆర్ద్ర ఎర్రది. పంచాంగంలో పేర్లుగా మాత్రమే ఎరిగిన చిత్తనూ ఆర్ద్రనూ నేను మొదటిసారి రంగులుగా చూసిననాటి సాయంకాలం, చిన్ననాడు వల్లెవేసిన పద్యానికి పెద్దయ్యాక అర్థం తెలిసినట్లయింది.

వర్గం తెలిస్తే వయసు కూడా కొంత తెలుస్తుంది. నీహారికలో ధూళీ వాయువూ కూడుకొని, తమ బరువుకు తామే కుంగి, గర్భం రాజుకొన్నప్పుడు తార పుడుతుంది. బరువైన తార తన ఇంధనాన్ని దోసిళ్లతో వెదజల్లి, నీలిగా వెలిగి, త్వరగా ముగిసిపోతుంది. చిన్న ఎర్రతార పొదుపరి ఇల్లాలు. సన్నని మంటమీద యుగయుగాలు సంసారం చేస్తుంది. సూర్యునివంటి నడిమితరం తార గర్భంలోని హైడ్రోజన్ అయిపోయాక ఉబ్బి ఎర్రని మహాతార అవుతుంది. పై పొరలను ఆకాశంలోకి వదిలేశాక, మిగిలిన చిన్న తెల్లని కుబ్జతార నిదానంగా చల్లారుతుంది.

“ఇదంతా ఎవరు చూసి చెప్పారండీ?” అని కొత్తవాళ్లు అడుగుతారు. ఎవ్వరూ చూడలేదు. విమానాశ్రయంలో ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం దగ్గర ఒక్క గంట నిలబడండి. చంకలో పసికందులు, సంచులు తోసుకొచ్చే యువకులు, చక్రాల కుర్చీలో వృద్ధులు అందరూ మీ ముందునుండి వెళతారు. ఏ ఒక్కరూ మీ కళ్ల ఎదుట ముసలివాళ్లు కారు. అయినా మనిషి జీవితం ఎట్లా సాగుతుందో ఆ ఒక్క గంటలో మీకు తెలిసిపోతుంది. మా శాస్త్రం ఆ ద్వారం దగ్గర నిలబడినవాడి శాస్త్రం. తార వయసు మారడాన్ని కళ్లారా చూడాలన్నది మాలో ప్రతివాడూ లోలోపల కనే కల. ఆ కల ఒకరికి నిజమైనట్లే అనిపించిన వృత్తాంతం చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

ఎర్రచుక్కను తేరిపార చూడరాదు

సోమయాజులుగారు మా వేధశాలకు అధిపతి, నాకు పైఅధికారి. కోనసీమనుండి చదువుకోసం హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. ఆయనవద్ద పనిచేయడం సుఖమని నేను అనను. తనకు నచ్చని మాట విన్నప్పుడు సమాధానం చెప్పక కళ్లద్దాలు తుడుచుకునేవారు. ఎదుటివాడు మాట మార్చేదాకా ఆ తుడవడం ఆగేది కాదు. అయితే కంటితో వెలుగును అంచనా వేసే విద్యలో ఆయనంతటివాణ్ని నేను చూడలేదు.

ఆ విద్య ఇది. కొన్ని తారల వెలుగు స్థిరంగా ఉండదు, నెలల తరబడి పెరిగి నెలల తరబడి తరుగుతుంది. వీటిని చరతారలు అంటాము. చరతారకు ఇరుపక్కల, వెలుగు మారని రెండు తారలను సాక్షులుగా ఎన్నుకోవాలి. ఒకటి దానికంటె కాస్త ప్రకాశవంతమైనది, మరొకటి కాస్త మసకైనది. ఆ రెండింటి నడుమ చరతార ఏ మెట్టుమీద ఉన్నదో చెప్పాలి. అంతే. కాని ఎర్రతారతో ఒక చిక్కు ఉన్నది. దానివైపు ఎంతసేపు చూస్తే అది అంతగా వెలుగుతున్నట్లు తోస్తుంది. కాబట్టి ఒక్క చూపు చూసి దృష్టి మరల్చుకోవాలి.

“పరాయి ఇంటి వాకిలి దాటుతూ లోపలికి చూసినట్టు చూడాలయ్యా,” అనేవారు సోమయాజులుగారు. “నిలబడి చూశావా, లేనిది కనిపిస్తుంది.”

కొన్నేళ్లకిందట ఆర్ద్ర అకస్మాత్తుగా మసకబారినప్పుడు ఈ జాగ్రత్త విలువ నాకు తెలిసివచ్చింది. నిలబడి చూసినవారికి అది ఏమీ తగ్గనట్లే తోచింది, ఒక్క చూపుతో కొలిచినవారికే తరుగుదల తేలింది. ఆ తార పేలిపోబోతున్నదని ఊరంతా వదంతి. నన్ను గుట్టకు తీసుకువెళ్లే క్యాబు డ్రైవరు మల్లేశు బండి నడుపుతూనే అడిగాడు.

“సారూ, చుక్క పేలుతదంట గద. మన దిక్కు ఏమన్న పడతదా?”

“ఏమీ పడదు మల్లేశూ. అది చాలా దూరం.”

“దూరమంటే, బెంగుళూరంత దూరమా?”

“ఆ వెలుగు అక్కడ బయలుదేరినప్పటికి గోల్కొండ కోట కూడా ఇప్పటి తీరున లేదు.”

అతడు కొంతసేపు ఆలోచించి, “గంత లేటుగ వస్తే, పేలి ఉన్నా మనకు ఎరికనే కాదు. ఇగ పరేషాన్ ఎందుకు సార్,” అని నిశ్చింతగా గేరు మార్చాడు. ఆర్ద్ర పేలలేదు. తాను ఊదిన ధూళి మబ్బును తానే అడ్డం పెట్టుకొని, కొన్ని నెలలకు మళ్లీ తేటపడింది.

మరొక ఆచారం కూడా చెప్పాలి. మా గోపురంలో ఒకరి తరువాత ఒకరు నిచ్చెన ఎక్కి చూస్తారు. ఇద్దరూ చూసి ముగించేవరకు ఎవ్వరూ నోరు విప్పరాదు. ‘అబ్బ’ అన్నా తప్పే. ఒకరి అంకె వింటే రెండవవారి కన్ను దానివైపే ఒరుగుతుంది. అందుచేత మా పరిశీలన ఎప్పుడూ మౌనవ్రతంలాగా సాగేది. చీకట్లో గోపురం ద్వారం తిరిగే సడి, పైన దిగుతున్న విమానపు హోరు, అంతే.

మంజుల కన్ను

హస్తా నక్షత్రం మీకు తెలిసే ఉంటుంది. వసంతకాలపు సాయంత్రాలలో దక్షిణాన, చేతి అయిదు వేళ్లలాగా అయిదు చుక్కలు. ఆ చేతికి కొంచెం దిగువన కంటికి ఆనని ఒక ఎర్రని చరతార ఉన్నది. జాబితాలో దానికి సంఖ్య ఉంది గాని పేరు లేదు. సోమయాజులుగారు యౌవనంలో దానిని ఎన్నుకొని నలభయ్యేళ్లకు పైగా ఒంటరిగా కొలిచారు. లోకంలో మరెవ్వరూ దాని ఊసెత్తలేదు. దాని సాక్షితారలు రెండూ నీలం చాయ కలిసిన తెల్లనివి.

ఆ తార గడచిన పది పన్నెండేళ్లుగా సగటున కొంచెం కొంచెం ప్రకాశవంతమవుతున్నదని ఆయన కనుగొన్నారు. ముసలి ఎర్రతార గర్భంలో హీలియం పొర ఒక్కసారిగా రాజుకొని, మనిషి ఆయుర్దాయంలోనే తార వెలుగు మారే ఘట్టం ఒకటి ఉన్నదని శాస్త్రం చెబుతుంది. అది కళ్లబడినవారు చాలా అరుదు. తన తార ఆ ఘట్టంలో అడుగుపెట్టిందని సోమయాజులుగారి విశ్వాసం. ఆ సంగతి ప్రకటించే వ్యాసం దాదాపు సిద్ధం చేసుకున్నారు. ఆ రోజులలో ఆయన నడకే మారిపోయింది. మెట్లు ఎక్కుతూ కూనిరాగం తీసేవారు.

అప్పుడు మంజుల వచ్చింది. తొండుపల్లి రైతుకుటుంబపు అమ్మాయి. భౌతికశాస్త్రంలో పట్టా తీసుకొని మా వద్ద పరిశీలకురాలిగా చేరింది. కుదురైన చేయి, తొణకని చూపు. విమానాశ్రయపు వెలుగును సోమయాజులుగారు తిట్టిపోస్తున్నప్పుడు ఆమె నవ్వేది.

“మా చేన్లనే దీపాలు పెట్టిండ్రు సార్, నన్నేమంటరు? మా బాపు జొన్నలు కోసిన జాగల ఇప్పుడు విమానం దిగుతది.”

“అయితే మీ బాపునే అడుగుతానమ్మా, ఆ దీపాలు కాస్త తగ్గించమని,” అనేవారాయన.

ఆ సరదా ఒక ఏడాది నిలిచింది. ఏడాది చివర ఆమె అంచనాలను ఆయన అంచనాలతో సరిచూస్తే, తక్కిన తారలన్నింటా చక్కగా కలిశాయి. హస్త దిగువన ఉన్న ఎర్రతార దగ్గర మాత్రం ఆమె అంకె ఎప్పుడూ మసకవైపే. తేడా సుమారు మూడోవంతు మెట్టు. అన్ని సాయంత్రాలూ అదే తేడా, ఒకే దిక్కుగా. ఆమె లెక్క ప్రకారం ఆ తార వెలుగు పెరగనే లేదు. నలభయ్యేళ్ల కిందటి సగటు దగ్గరే ఉన్నది.

సోమయాజులుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తుడవడం ముగిసినా ఆమె మాట మార్చలేదు.

“నీ కన్ను ఇంకా కుదురుకోలేదమ్మా,” అన్నారు చివరికి. “ఎరుపును నీ కన్ను తక్కువగా తీసుకుంటున్నది. అది నీ దోషం కాదు. కొందరికి అంతే.”

“విమానాశ్రయం వెలుగేమన్న అడ్డమొస్తుందేమో సార్?”

“వస్తే మూడు తారలకూ సమానంగానే వస్తుంది. ఈ వసంతం ఆఖరున వ్యాసం పంపుతున్నాను. అప్పటికీ నీ అంచనాలు ఇట్లాగే ఉంటే వాటిని పక్కన పెట్టవలసి ఉంటుంది. నిన్ను చావడికి మారుస్తాను. సందర్శకులకు చక్కగా చెబుతావు.”

మంజుల ముఖం వాడింది. చావడిలో పని చెడ్డదని కాదు. కాని ఒకసారి ‘కన్ను మంచిది కాదు’ అన్న ముద్ర పడ్డ పరిశీలకురాలిని మళ్లీ ఏ గోపురమూ పిలవదు. ఆ నిచ్చెన మెట్టు ఆమెకు ఇక ఉండదు.

“నా కన్ను తప్పైతే తీసెయ్యండ్రి సార్,” అన్నది నెమ్మదిగా. “కాని తప్పని చూపిచ్చి తీసెయ్యండ్రి. మీది, నాది కలుస్తలేవని కాదు.”

కెమెరాతో ఎందుకు కొలవలేదని మీరు అడగవచ్చు. మా వద్దనున్న చిన్న కెమెరాకు వడపోత అద్దం లేదు. అది ఎరుపును మనిషికంటె ఎక్కువగా తాగుతుంది. దాని అంకెను నలభయ్యేళ్ల కంటి లెక్కతో పోల్చరాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

నన్ను మధ్యవర్తిగా ఉండమన్నారు. నేను వాళ్లిద్దరి అంకెలూ తెలియకుండా కొన్ని సాయంత్రాలు నిచ్చెన ఎక్కాను. నా అంకె సరిగ్గా ఇద్దరికీ నడుమ పడింది.

“చూశావా, నావైపు ఒరిగింది,” అన్నారు సోమయాజులుగారు.

“సగం నా దిక్కు కూడ ఉంది సార్,” అన్నది మంజుల.

“మాస్టారు ఎప్పుడూ ఇంతే. వివాహానికి వెళ్లినా రెండు పక్షాల పందిట్లోనూ భోంచేస్తారు,” అని ఆయన నన్ను ఎత్తిపొడిచారు. నేను రంగుల పట్టీలు చదివి బతికినవాణ్ని. ఆ నడిమి అంకెకు అర్థం నాకూ అంతుపట్టలేదు.

ఎడమ కన్ను, కుడి కన్ను

ఆ వసంతంలోనే సోమయాజులుగారికి రహదారిమీద ఎదురుగా వచ్చే బండ్ల దీపాలు చెదిరి కనిపించసాగాయి. శంషాబాదు కంటి దవాఖానలో చూపించుకుంటే రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయన్నారు. ముందు ఎడమ కంటికి శస్త్రచికిత్స చేసి, కొద్ది వారాల తరువాత కుడికంటికి చేస్తామన్నారు. మంజుల చావడికి మారవలసిన గడువు కూడా అప్పటికి దగ్గరపడుతున్నది.

ఎడమ కన్ను నయమయ్యాక, వైద్యుని అనుమతితో ఆయన మొదటిసారి గుట్టకు వచ్చిన సాయంత్రం నాకు కలలాగా గుర్తున్నది. పడమట ఎరుపు ఇంకా పూర్తిగా ఆరలేదు. దక్షిణాన హస్త తేలి వచ్చింది. ఆచారం ప్రకారం మంజుల ముందు ఎక్కి చూసి, అంకెను మనసులో ఉంచుకొని దిగింది. తరువాత ఆయన ఎక్కారు. అలవాటు ప్రకారం కుడి కన్నుతో ఒక్క చూపు చూసి దృష్టి మరల్చుకున్నారు. ఆపైన కొత్త కన్ను ఎట్లా ఉన్నదో చూద్దామనుకున్నారు కాబోలు, ఎడమ కన్నును కటకానికి ఆనించారు.

వెంటనే తల వెనక్కు తీసుకున్నారు. మళ్లీ కుడి కన్ను. మళ్లీ ఎడమ. కిందనున్న మాకు ఆయన తల అటూ ఇటూ కదలడం మాత్రం కనిపించింది. నేను నోరు తెరవబోతే మంజుల వేలు పెదవులమీద ఉంచి వారించింది. పైన విమానం ఒకటి ముక్కు దించుకొని దాటిపోయింది. ఆయన దిగి, నిచ్చెన అడుగు మెట్టుమీద కూర్చున్నారు.

“నేను ముందు చెబుతాను,” అన్నారు. “రెండు అంకెలు ఉన్నాయి. కుడి కంటికి తార నేను ఇన్నాళ్లూ చెప్పినచోటే ఉంది. ఎడమ కంటికి మూడోవంతు మెట్టు కిందికి దిగింది. తార దిగలేదు. సాక్షులు పైకి లేచారు. ఆ నీలిచుక్కలు రెండూ... మాస్టారూ, అవి అంత నీలంగా ఉంటాయని నేను మరిచేపోయాను.”

ఆయన మంజులవైపు తిరిగారు.

“నీ అంకె చెప్పమ్మా.”

మంజుల చెప్పింది. అది ఎడమ కంటి అంకెతో కలిసింది.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. వయసు పైబడేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది. నీలికాంతిని అది లోపలికి రానివ్వదు. నీలితారలైన సాక్షులు ఏటేటా ఆయనకు మసకబారారు. వారితో పోల్చినప్పుడు ఎర్రతార ఏటేటా ప్రకాశించింది. తక్కిన తారలకు ఇంత నీలి సాక్షులు లేరు గనుక వాటి దగ్గర తేడా బయటపడలేదు. మార్పు ఎంత నెమ్మదిగా వస్తుందంటే, అనుభవించేవాడికి తెలియనే తెలియదు. శస్త్రచికిత్సలో ఆ పసుపు కటకాన్ని తీసి తేటది అమర్చడంతో ఎడమ కంటికి నీలం తిరిగి వచ్చింది. మంజుల కన్ను లేతది. ఆయన కన్ను ముసలిది. నాది ఆ రెండింటికీ నడిమి వయసుది. మా ముగ్గురి అంకెలూ మా వయసుల వరుసలోనే నిలిచి ఉన్నాయి.

ఆ మాట ఆయన వ్యాసాన్ని మంట కలిపేదని మాకందరికీ తెలుసు. ఆయన కన్ను ఏం చూసిందో ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రెండవ శస్త్రచికిత్స అయ్యేదాకా మౌనంగా ఉండి, తార మళ్లీ మసకబారిందని రాసినా అడిగేవారు లేరు.

“అంటే ఈ పదేళ్లుగా ముసలిదవుతున్నది అది కాదన్నమాట,” అని ఆయన నవ్వబోయారు. నవ్వు రాలేదు.

“జర నీళ్లు తాగుండ్రి సార్,” అని మంజుల సీసా అందించింది. గెలిచిన జాడ ఆమె ముఖంలో ఏ కోశానా లేదు.

“చావడి సంగతి మరిచిపో,” అన్నారాయన సీసా మూత తిప్పుతూ. “ఆ మాట నేను అనలేదనుకో.”

“అన్నరు సార్. కాని తప్పు యాడుందో మీరే చూపిచ్చిండ్రు. గది చాలు.”

యువమిత్రులారా, ఈ వృత్తిలో మీకు తెలివైనవారు చాలామంది తారసపడతారు. తాను మాత్రమే చూడగలిగిన సత్యాన్ని, అది తనకే నష్టమని ఎరిగీ, అక్కడికక్కడే పైకి చెప్పినవారు నాకు ఒక్కరే కనిపించారు. ఆయన కోపాన్నీ, మొండితనాన్నీ, కళ్లద్దాల తుడుపునూ నేను ఆ సాయంత్రంతో మన్నించాను.

పసుపు కంటి పని

మరునాడు ఆయన వ్యాసాన్ని చించివేస్తారనుకున్నాను. ఆయన దవాఖానకు వెళ్లి కుడికంటి శస్త్రచికిత్స వాయిదా వేయమన్నారు. నేను వెంట ఉన్నాను. యువ వైద్యుడు విస్తుపోయాడు.

“రెండోది కూడ చేయించుకుంటే అయిపోతది గద సార్. ఇప్పుడు మీకు ఒక కంటికి గోడ సున్నమేసినట్టు, ఇంకో కంటికి చాయ్ ఒలికినట్టు కనిపిస్తుంటది. తిక్క పుడతలేదా?”

“అదే కావాలి నాకు,” అన్నారు సోమయాజులుగారు. “ఆ కంటితో నాకు కాస్త పని ఉంది బాబూ.”

“కంటితోని పనేంది సార్?” అని వైద్యుడు నావైపు చూశాడు. నేను భుజాలు ఎగరేశాను.

ఆ పని ఏమిటో గుట్టమీద తెలిసింది. ఒకే తలలో ఒక లేత కన్నూ ఒక ముసలి కన్నూ ఉన్న పరిశీలకుడు మళ్లీ దొరకడు. ఆ రెండు కళ్లతోనూ నీలినుండి ఎరుపుదాకా అన్ని వర్గాల స్థిరతారలనూ కొలిస్తే, పసుపుబారిన కటకం ఏ రంగుకు ఎంత దగా చేస్తుందో తేలుతుంది. వెనకటి ఏళ్లలోనూ ఆయన స్థిరతారలను అప్పుడప్పుడు కొలిచే ఉన్నారు. వాటిని జోడిస్తే ఏ ఏడు ఎంత సవరణ చేయాలో తెలుస్తుంది. అప్పుడు నలభయ్యేళ్ల శ్రమ వృథా పోదు. తార ప్రకాశించలేదని నిరూపణ అవుతుంది, అంతే. ప్రకాశించనిదాన్ని ప్రకాశించలేదని చెప్పడం కూడా శాస్త్రమే. కాని చప్పట్లు రాని శాస్త్రం.

తొలకరి మేఘాలు రాకముందే ఇది పూర్తికావాలి. కొలిచేవారు మంజుల, కొలతకు లోబడేవారు సోమయాజులుగారు. కింద నిలబడి ఆమె అజమాయిషీ చేసేది.

“సార్, ఎడమది మంచిగ మూసిండ్రా? వేళ్ల సందులకెళ్లి చూస్తుండ్రు.”

“మూశానమ్మా.”

“మళ్ల చూడుండ్రి. ఇప్పుడు స్వాతి. తేరిపార చూస్తుండ్రు సార్, వద్దు.”

“నాకు నేర్పుతున్నావా!”

“ఇప్పుడు మీరు యంత్రం సార్. యంత్రం ఎదురు మాట్లాడది.”

ఆయన గట్టిగా నవ్వారు. గోపురం ఆ నవ్వును గుండ్రంగా తిప్పి మాకు ఇచ్చింది. గాలిలో మామిడిపూత వాసన పోయి, ఎక్కడో దూరాన తడిసిన మట్టి వాసన మొదలైంది. చిత్త, స్వాతి, జ్యేష్ఠ వరుసగా మా యంత్రం ముందుకు వచ్చి వెళ్లాయి. మబ్బులు పడమట గుంపుగట్టేసరికి లెక్క తేలింది. సవరణ చేసి చూస్తే ఎర్రతార నలభయ్యేళ్లూ తన మానాన తాను ఊపిరి తీసి విడుస్తూ, ఒకే సగటు దగ్గర నిలిచి ఉన్నది. మంజుల అంచనాలు ఒక్కటీ పక్కన పెట్టవలసిన పని లేకపోయింది. కొత్త వ్యాసంలో ఆమె పేరు ముందు, తన పేరు తరువాత వేయమన్నారు సోమయాజులుగారు.

శస్త్రచికిత్సకు ముందునాటి సాయంత్రం ఆయన గుట్టకు వచ్చారు. ఆ పసుపు కంటితో కొలవవలసినది ఇక ఏమీ లేదు. హస్త అప్పటికే పడమటివైపు వాలింది. మబ్బుల నడుమ ఒక చీలిక దొరికితే మంజుల దూరదర్శినిని అక్కడికి తిప్పింది. ఆయన ఎడమ కన్నుమీద అరచేయి కప్పుకొని, కుడి కన్ను కటకానికి ఆనించి చూశారు.

ఆ చూపు ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. ఆ ప్రకాశించే తార ఆకాశంలో లేదు. ఆయన కంటిలోని ఆ ముసలి కటకంలో మాత్రమే ఉన్నది. మరునాడు వైద్యుడు ఆ కటకాన్ని తీసివేస్తే, దానిని ఇక ఎవ్వరూ చూడలేరు.

“ఎట్లుంది సార్?” అని మంజుల మెల్లగా అడిగింది.

“బాగుంది,” అన్నారాయన కన్ను తీయకుండానే. “ఉన్నదానికంటె బాగుంది.”

మబ్బు కమ్ముకొనేలోగా ఆయన దిగివచ్చి, “త్వరగా ఎక్కమ్మా. ఇవాళ్టి అంకె నువ్వు చెప్పాలి,” అంటూ ఆమెకోసం నిచ్చెనను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.